ఏ ఇయర్ పాసవుట్?

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు మార్కాపురం బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నా. మా నాయన పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ తీయించాలి. నాకన్నా ముందు ముగ్గురు ఉన్నారు. పక్క సిస్టమ్ దగ్గర ఒక కుర్రాడు రెజ్యూమె దిద్దుకుంటున్నాడు. కొమరోలు అవతల పల్లె అట, పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. రాత్రికి హైదరాబాద్ బస్సు. స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో మొదటి లైన్ నాకు కనపడుతూనే ఉంది: 'ఐ యామ్ పాస్‌డ్ అవుట్ ఇన్ 2024.' ఆ తర్వాత కాలేజీ పేరు. షాపాయన పది కాపీలు ప్రింట్ కొట్టబోతుంటే నోరు ఆగలేదు. "తమ్ముడూ, ఆ లైన్ ఒకసారి చూద్దామా?" అన్నా.

"ఏముందన్నా అందులో? అందరూ అట్లే రాస్తారు కదా" అన్నాడు.

నిజమే, అందరూ అట్లే రాస్తారు. నేనూ రాశాను. టెక్ బ్లాగు నడుపుతున్నానని తెలిసి జూనియర్లు నాకు రెజ్యూమెలు పంపిస్తుంటారు. ఫోన్ల మీద, కోడింగ్ మీద రాసిన పోస్టులకు వచ్చే ప్రశ్నల కన్నా 'అన్నా, నా రెజ్యూమె ఒకసారి చూడవా' అనే మెయిళ్లే ఎక్కువ. వాటిలో ఏది తెరిచినా ఈ మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. పాస్‌డ్ అవుట్, పాసింగ్ అవుట్ ఇయర్, పాసవుట్ స్టూడెంట్.

ఈ మాట నాకు ఎట్లా పట్టుబడిందో చెప్తా. 2022లో, ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. అమెరికా క్లయింట్ టీమ్‌తో మొదటి వీడియో కాల్. ఒక్కొక్కరం పరిచయం చేసుకుంటున్నాం. నా వంతు రాగానే, ముందు రోజు రాత్రి అద్దం ముందు బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పా. అందులో 'ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2021' ఉంది. అవతల ఉన్న మేడమ్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "అయ్యో, కోవిడా? ఇప్పుడు బాగానే ఉన్నారా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నాకు అర్థం కాలేదు. బాగున్నానని చెప్పి ఊరుకున్నా. కాల్ అయ్యాక మా టీమ్ లీడ్ నవ్వలేక చచ్చాడు. "2021లో స్పృహ తప్పి పడిపోయానని చెప్పావు కదరా" అన్నాడు.

అమెరికాలో ఆ మాటకు మొదటి అర్థం అదే: సొమ్మసిల్లి పడిపోవడం. ఏప్రిల్ ఎండల్లో మన రోడ్ల మీద ఎవరన్నా కళ్లు తిరిగి పడిపోతే 'హీ పాస్‌డ్ అవుట్' అంటారు. తాగి ఒళ్లు తెలీకుండా పడి ఉన్నా అదే మాట. ఇంకో అర్థం పంచిపెట్టడం. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ పేపర్లు పంచడం 'పాసింగ్ అవుట్ ది పేపర్స్'. మూడోది బ్రిటన్ వాళ్లది: మిలిటరీ శిక్షణ ముగించుకుని అకాడమీ నుంచి బయటకు రావడం. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలో ఈ అర్థం పక్కన బ్రిటిష్ ఇంగ్లీష్ అని రాసి ఉంటుంది. డిగ్రీ పూర్తి చేయడం అనే మన అర్థం దీనికి దగ్గరి చుట్టం.

డెహ్రాడూన్‌లో 1932 నుంచి నడుస్తున్న ఇండియన్ మిలిటరీ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ మీరు టీవీలో చూసే ఉంటారు. చివర్లో క్యాడెట్లు మార్చ్ చేసుకుంటూ చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి లోపలికి వెళ్తారు. దాన్ని 'అంతిమ్ పగ్' అంటారు, అంటే ఆఖరి అడుగు. అక్కడితో క్యాడెట్ జీవితం అయిపోయి ఆఫీసర్ అవుతాడు. పాస్ అయ్యాడు, అవుట్ అయ్యాడు. రెండూ అక్షరాలా జరుగుతాయి. మన ఒంగోలు పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో కానిస్టేబుళ్ల శిక్షణ ముగిసినప్పుడూ పేపర్లో పాసింగ్ అవుట్ పరేడ్ అనే వస్తుంది. అదే హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళ్తే, అక్కడ జరిగేదాని పేరు కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్. ఒకే దేశం, ఒకే రకం వేడుక, రెండు మాటలు. ఈ మాట కంటోన్మెంట్ల నుంచే మన కాలేజీల్లోకి నడిచొచ్చిందని నా నమ్మకం.

కాబట్టి 'పాసవుట్ అనేది తప్పు ఇంగ్లీష్, అది వాడేవాడు చదువురానివాడు' అని రీల్స్ చేసేవాళ్ల మాటకు సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఒక దేశంలో ఇంతమంది ఇన్నేళ్లుగా ఒకే అర్థంతో వాడుతున్న మాట ఆ దేశపు ఇంగ్లీషులో మాటే. ప్రీపోన్ కూడా మన దేశపు వాడుకే కదా, ఇవాళ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లో భారతీయ ఇంగ్లీష్ అనే గుర్తుతో కూర్చుని ఉంది. గిద్దలూరు కుర్రాడు హైదరాబాద్ హెచ్ఆర్‌తో 'ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2024' అంటే ఇద్దరికీ అర్థమవుతుంది. ఆ హెచ్ఆరే నోటిఫికేషన్‌లో '2024 పాసవుట్స్' అని రాసి ఉంటారు. అదే మాట డాలస్‌లోనో లండన్‌లోనో కూర్చున్న మనిషికి చెప్తే నాకు జరిగిందే జరుగుతుంది. ఆ తేడా తెలిసి వాడితే చాలు.

వ్యాకరణం దగ్గర మాత్రం మొహమాటం లేదు, తప్పు తప్పే. ఆ తమ్ముడు రాసిన 'ఐ యామ్ పాస్‌డ్ అవుట్' అనేది ఏ దేశపు ఇంగ్లీషులోనూ డిగ్రీ అయిందని చెప్పదు. 'నేను ఇప్పుడు స్పృహలో లేను' అని చెప్తుంది. స్పృహలో లేనివాడు రెజ్యూమె ఎట్లా రాశాడో మరి! 'ఐ హ్యావ్ పాస్‌డ్ అవుట్ ఇన్ 2024' కూడా కుదరదు, సంవత్సరం చెప్పాక హ్యావ్ పెట్టకూడదు. ఉత్త 'ఐ పాస్‌డ్ అవుట్' చాలు. అన్నిటికన్నా సురక్షితం 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్' అని కాలేజీ పేరు, 'ఇన్' అని సంవత్సరం. మధ్యలో ఆ ఫ్రమ్ మింగేయొద్దు. డిప్లొమా, ఐటీఐ వాళ్లయితే 'కంప్లీటెడ్' అనండి, ఎక్కడైనా చెల్లుతుంది.

ఇట్లాంటి జంట మాటలంటే మనవాళ్లకు భయం. పాస్ తెలుసు, అవుట్ తెలుసు, రెండూ కలిస్తే వచ్చే అర్థం ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలీదు. కానీ మనం ఇంట్లో చేసే పనీ ఇదే. పడు అంటే కింద పడటం. మరి భయపడ్డాడు, ఇష్టపడ్డాడు, జబ్బుపడ్డాడు, స్థిరపడ్డాడు? హైదరాబాద్‌లో స్థిరపడిన వాడు ఎక్కడా పడలేదు, లేచి నిలబడ్డాడు. కనిపెట్టడంలో ఏం పెడుతున్నాం? బోరు వేయడం వేరు, బోరు కొట్టడం వేరు. మా వైపు బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో చెప్పలేం కానీ, ఆ లారీ దగ్గర రాత్రంతా కూర్చుంటే బోరు కొట్టడం ఖాయం. వీటిని మనకెవరూ లిస్టు రాసిచ్చి బట్టీ పట్టించలేదు. విన్నాం, వాడాం, వచ్చేశాయి. ఇంగ్లీష్ జంట మాటలూ అట్లాగే వస్తాయి, యాభై మాటల పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుంటే రావు.

పాస్ కుటుంబంలోనే ఇంకో మాట ఉద్యోగం వెతుక్కునేవాళ్లు తెలుసుకోవాలి. 'ఐ విల్ పాస్ ఆన్ యువర్ రెజ్యూమె టు ది టీమ్' అంటే మీ రెజ్యూమె టీమ్‌కి అందిస్తానని. మంచి మాటే. కానీ 'వియ్ హ్యావ్ డిసైడెడ్ టు పాస్ ఆన్ దిస్ క్యాండిడేట్' అని ఉంటే, ఈ అభ్యర్థి వద్దని. రెండూ పాస్ ఆన్‌లే. మా ఊరి అబ్బాయి ఒకడు ఇట్లాంటి మెయిల్ చూసి 'అన్నా, నన్ను పై రౌండుకు పాస్ చేశారు' అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఇంట్లో స్వీట్లు కూడా పంచాడు. వాడికి నిజం చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

సరే, అర్థాల సంగతి పక్కన పెడదాం. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది.

మా నాయనకు ఈ ఇంగ్లీష్ గొడవలేం తెలీదు. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలకలు ఆయన చేతుల మీదుగా కూడా పోయాయి. నోటు పుస్తకాలొచ్చి, ప్లాస్టిక్ పలకలొచ్చి ఆ పని పల్చబడ్డాక మళ్లీ పొలం బాట పట్టాడు. నేను 2016లో బీటెక్‌లో చేరా. ఆర్-16 రెగ్యులేషన్ బ్యాచ్. 2020లో బయటకు రావాలి. లాక్‌డౌన్‌లో పరీక్షలు వాయిదాలు పడ్డాయి, నాకేమో రెండో ఏడాది సబ్జెక్టు ఒకటి తన్నింది. ఎన్నిసార్లు రాసినా రాలేదు. చివరికి సప్లీలో 2021లో గట్టెక్కా. మా బ్యాచ్ 2020. నేను పాసైంది 2021.

ఉద్యోగం వచ్చినప్పుడు కంపెనీ ఫారంలో 'ఇయర్ ఆఫ్ పాసింగ్' అనే గడి ఉంది. ఫ్రెండ్స్ అందరూ 2020 అని రాశారు, నేనూ 2020 రాశా. అబద్ధం చెప్తున్నాననే ఆలోచన కూడా లేదు, మా బ్యాచ్ అదే కదా అనుకున్నా. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద 2021 అని తేలింది. 'డిస్క్రిపెన్సీ' అని మెయిల్. మూడు వారాలు జాయినింగ్ ఆపేశారు. ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. మెమోలన్నీ స్కాన్ చేసి, వివరణ రాసి పంపిస్తే చివరికి ఒప్పుకున్నారు. అందరి కంపెనీలూ ఒప్పుకోవు.

అందుకే జూనియర్లకు మొదట చెప్పేది ఇదే. మీరు చేరిన సంవత్సరానికి నాలుగు కలిపితే వచ్చేది పాసైన సంవత్సరం కాదు. మీ చివరి సబ్జెక్టు పాసైన సంవత్సరం, మీ పీసీ మీద ఉన్న సంవత్సరం, అదే రాయండి. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, కంపెనీ ఫారంలో మూడుచోట్లా ఒకటే ఉండాలి. బ్యాక్‌లాగ్ ఉండి ఆలస్యమైందని దాచి తర్వాత దొరికిపోతే పోయేది ఉద్యోగమే. ముందే చెప్తే ఒక ప్రశ్న అడుగుతారు, అంతే.

అసలు చిక్కు ఆ ప్రశ్న దగ్గరే ఉంది. పాస్ అవుట్ అనేది క్రియ, మనిషి చేసిన పని. ఉద్యోగాల బజారు దాన్ని పేరు చేసేసింది. 'నువ్వేం చేశావు' అని ఎవరూ అడగరు, 'నువ్వు ఏ ఇయర్ పాసవుట్' అంటారు. మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్‌లా నీ మీద ఒక సంవత్సరం. నోటిఫికేషన్ తెరిస్తే '2025 పాసవుట్స్ ఓన్లీ', 'నో గ్యాప్స్'. లక్షల్లో దరఖాస్తులు వస్తే ఏదో ఒక జల్లెడ కావాలి, ఆ బాధ నాకు తెలుసు. ఇప్పుడు మా కంపెనీలో ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నేనూ కూర్చుంటున్నా. కానీ ఈ జల్లెడలో జారిపోయేదెవరో చూడండి.

మా వైపు పిల్లలకు ఒక ఏడాది పోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. బోరు ఎండిపోయిన ఏడాది మిర్చి పోతుంది, ఫీజు కట్టలేక సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతాయి. నాయనకు ఒంట్లో బాగలేకపోతే కొడుకు ఆరు నెలలు పొలం చూసుకుంటాడు. ఆడపిల్లయితే 'ఒక్కదాన్ని హైదరాబాద్ ఎట్లా పంపేది' అనే మాట దగ్గర ఇంకో ఏడాది. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయిన ప్రాంతం ఇది. ఇక్కడ ఏడాది ఆలస్యం అనేది బద్ధకానికి గుర్తు కాదు. అమీర్‌పేటకు మెట్రోలో వెళ్లి కోచింగ్ తీసుకునేవాడికీ, మార్కాపురం నుంచి యర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లారి హాస్టల్లో బ్యాగు పడేసి ఇంటర్వ్యూకి పరిగెత్తేవాడికీ ఒకటే తేదీ పెట్టి కొలిస్తే కొలత సరిగ్గా ఉన్నట్టు కాదు. పైగా ఆ వచ్చినవాడి ఇంగ్లీష్ విని నవ్వుతారు, అదీ తాము నోటిఫికేషన్‌లో రాసిన మాటనే వాడు పలికినందుకు.

నాకు చేతనైతే ఆ 'ఓన్లీ' తీసేయిస్తా. కనీసం మూడేళ్ల వరకు ఎవరినైనా పరీక్ష రాయనిస్తే పోయేదేముంది? రాయగలిగినవాడు రాస్తాడు. మా ప్యానెల్‌లో ఈ మాట రెండుసార్లు ఎత్తా. 'పాలసీ' అన్నారు. మళ్లీ ఎత్తుతా.

అది మారేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ మాటను పేరు నుంచి మళ్లీ క్రియగా మార్చుకోవడం. 'ఏ ఇయర్ పాసవుట్' అని అడిగితే '2023' అని తల దించుకుని ఆగిపోకండి. చాలామంది అక్కడే ఆగుతారు. ఆ నిశ్శబ్దంలో అవతలివాడు తనకు తోచింది రాసుకుంటాడు. '2023లో గ్రాడ్యుయేట్ అయ్యాను, తర్వాత పది నెలలు ఇంటి పొలం చూసుకున్నాను, అదే టైంలో పైథాన్ నేర్చుకుని మా ఊరి పాల కేంద్రం లెక్కలకు చిన్న ప్రోగ్రామ్ రాశాను' అని చెప్పండి. చేసి ఉంటేనే సుమా. చేయకపోతే చేసింది చెప్పండి. 'ఇంట్లో పరిస్థితి బాగలేదు, ఆరు నెలలు ఏం చదవలేకపోయాను, జనవరి నుంచి మొదలుపెట్టాను' అన్నా ఫర్వాలేదు. ప్యానెల్‌లో కూర్చుని చూస్తున్నా కాబట్టి చెప్తున్నా, గ్యాప్‌ని దాచబోయి తడబడేవాడి కన్నా దాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు పోయేవాడే నమ్మకం కలిగిస్తాడు. ఇంగ్లీష్‌లో ఆ రెండు వాక్యాలూ రాసుకుని, ఇంట్లో ఎవరికన్నా వినిపించి వెళ్లండి. అమ్మకు వినిపించినా సరే. అర్థం కాకపోయినా ఎక్కడ తడబడ్డావో అమ్మ చెప్పేస్తుంది.

నెట్ సెంటర్ కుర్రాడికి ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు, భయపడకండి. 'పీసీ మీద ఏ సంవత్సరం ఉంది' అని మాత్రం అడిగా. బ్యాగులోంచి ఫైలు తీసి చూశాడు. 2025. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, వాళ్లు 2024 వాళ్లనే రమ్మన్నారు" అన్నాడు మెల్లగా.

నా దగ్గర దానికి జవాబు లేదు. "ఉన్నదే రాయి. వెళ్లి అడుగు, 2025 వాళ్లను తీసుకునే వేరే డ్రైవ్ ఉందేమో" అన్నా. కాసేపు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ లైన్ కొట్టేసి, కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2025' అని టైప్ చేశాడు. గ్రాడ్యుయేటెడ్‌లో ఒక అక్షరం పోయింది, చెప్తే దిద్దాడు. దాని కింద, నేను అడక్కుండానే, రెండు సప్లీల మధ్య గిద్దలూరులో సెల్‌ఫోన్ రిపేర్ షాపులో ఎనిమిది నెలలు పనిచేసినట్టు ఇంకో లైన్ రాశాడు. "ఇది కూడా రాయొచ్చా అన్నా?" అన్నాడు.

రాయొచ్చన్నా. షాపాయన పది కాపీలు కొట్టాడు.